ఎస్‌ఎస్‌డీ అసలు వయసు చెప్పే స్మార్ట్‌సీటీఎల్

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనే ముందు లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో దాన్ని బూట్ చేసి, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే తెరలో) స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ నడిపి, అందులోని ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డ్రైవ్) స్థితి చూడటం నాకు అలవాటు. ఇటీవల ఒక దుకాణంలో "ఆరు నెలలే వాడారండీ" అంటూ చూపించిన లాప్‌టాప్‌లో, పవర్ ఆన్ అవర్స్ (డ్రైవ్ నడిచిన గంటలు) అన్న వరుస ఎదుట 9,412 అని కనిపించింది. రేయింబవళ్లు ఆపకుండా నడిపినా ఆరు నెలలకు దాదాపు 4,400 గంటలే అవుతాయి. పైగా డ్రైవ్ నిద్రావస్థలో గడిపిన సమయం ఈ లెక్కలో చేరకపోవచ్చు కాబట్టి, అసలు వయసు అంతకంటే ఎక్కువే అయి ఉండాలి. ఆ బేరం అక్కడితో వదులుకున్నాను.

బ్రూస్ అలెన్ 2002లో మొదలుపెట్టిన స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత ప్యాకేజీలో ఈ కమాండ్ ఒక భాగం. లైనక్స్‌తోపాటు విండోస్, మ్యాక్‌లలోనూ పనిచేస్తుంది. సూడో (అడ్మిన్ అధికారంతో నడిపే మాట) జోడించి, మైనస్ ఏ అన్న ఆప్షన్, డ్రైవ్ పేరు ఇస్తే చాలు, మోడల్, సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్) మొదలుకొని ఉష్ణోగ్రత వరకు ఒకే తెరమీద వస్తాయి.

అయితే పైన కనిపించే "పాస్డ్" అన్న మాటతో తృప్తిపడి తెర మూసేయడం పొరపాటు. ఎన్‌వీఎంఈ డ్రైవ్ (వేగవంతమైన కొత్త రకం ఎస్‌ఎస్‌డీ) తనంతట తాను ప్రమాద హెచ్చరిక ఏదీ ఇవ్వలేదన్నదే ఆ మాటకు అర్థం. డ్రైవ్ ఎంత అరిగిందో అది చెప్పదు. అందుకు పర్సెంటేజ్ యూజ్డ్ అన్న వరుస చూడాలి. ఇది నిండిన స్థలం శాతమని చాలామంది భ్రమపడతారు గానీ, తయారీదారు అంచనా వేసిన ఆయుష్షులో ఎంత ఖర్చయిందో తెలిపే సంఖ్య ఇది. 100 దాటినా డ్రైవ్ వెంటనే ఆగిపోదు, లెక్క 255 వరకు పోగలదు. డేటా యూనిట్స్ రిటెన్ (డ్రైవ్‌పై ఇప్పటిదాకా రాసిన డేటా) అన్న వరుసలో ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు. నేను వదులుకున్న ఆ లాప్‌టాప్‌లో ఆ సంఖ్య 6,21,40,000 ఉండగా, పక్కనే బ్రాకెట్లలో 31.8 టీబీ అని స్మార్ట్‌సీటీఎల్ తానే లెక్కకట్టి చూపింది. ఈ చిన్న సౌకర్యమే నాకు దీనిలో అన్నిటికంటే నచ్చిన విషయం. కరెంటు తరచూ పోయే ఊళ్లలో డెస్క్‌టాప్ వాడేవారు అన్‌సేఫ్ షట్‌డౌన్స్ (సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే కరెంటు పోయిన సార్లు) సంఖ్యనూ గమనించాలి. అది వారం వారం పెరుగుతుంటే యూపీఎస్ కొనడం మంచిది.

లోపాలూ ఉన్నాయి. సాటా (పాత తరహా కనెక్షన్) ఎస్‌ఎస్‌డీల విషయంలో ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో, ఒక్కో పద్ధతిలో అరుగుదలను నమోదు చేస్తుంది కాబట్టి, రెండు కంపెనీల డ్రైవ్‌లను పక్కపక్కన పెట్టి పోల్చడం కష్టం. యూఎస్‌బీ పెట్టెలో బిగించిన డ్రైవ్‌నైతే, లోపలి చిప్ ఏదో తెలుసుకుని మైనస్ డీ ఆప్షన్‌తో విడిగా చెప్పవలసి రావచ్చు. కొత్తవారు ఇక్కడే విసిగి వదిలేస్తారు.

ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లకే ప్రత్యేకమైన ఎన్‌వీఎంఈ సీఎల్‌ఐ అనే మరో సాధనం మరింత లోతుకు వెళుతుంది. అందులోని లిస్ట్ కమాండ్ యంత్రంలోని ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లన్నిటినీ పట్టికగా చూపుతుంది, స్మార్ట్ లాగ్ ఆరోగ్య వివరాలిస్తుంది, ఫర్మ్‌వేర్ స్లాట్లలో ఏ వెర్షన్లు ఉన్నాయో కూడా తెలుసుకోవచ్చు. కానీ వివరాలు అడిగే ఈ సాధనంలోనే డ్రైవ్ మొత్తాన్ని తుడిచేసే ఫార్మాట్ కమాండ్ కూడా ఉంది. అందుకే సమాచారం చూడటానికి మాత్రమే అయితే స్మార్ట్‌సీటీఎల్‌నే వాడమంటాను. రెండోది తప్పనిసరైతే, సూడోతో కమాండ్ కొట్టాక ఎంటర్ నొక్కే ముందు ఆ వరుసను మరొక్కసారి చదువుకోవాలి.