కుండీ మిరపకు పల్లి చెక్కా, వానపాముల ఎరువా?

హన్మకొండలో మా డాబా మీద చపాటా మిరప కుండీలు పది ఉన్నాయి. మొక్క త్వరగా గుబురు కట్టాలంటే నత్రజని కావాలి. పల్లీల నుంచి నూనె తీశాక మిగిలే పల్లి చెక్కలో అది సుమారు 7 శాతం, వానపాముల ఎరువులో 1 నుంచి 2 శాతమే. చెక్కను మూడు రోజులు నానబెట్టి, పైతేటకు పదింతల నీళ్లు కలిపి పోస్తే పది రోజుల్లో ముదురాకుపచ్చ చిగుళ్లు. వాసనకు మాత్రం పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు! చిక్కగా పోస్తే వేళ్లు మాడతాయి. ఒక మొక్కను అలాగే పోగొట్టుకున్నాను. వానపాముల ఎరువు నిదానమే కానీ మట్టిని గుల్లబరిచి తేమను పట్టి ఉంచుతుంది. మే ఎండల్లో అదే మేలు. తొలకరి పడ్డాక చెక్క నీళ్లు మొదలుపెట్టి, పూత కనిపించగానే ఆపేస్తాను. లేకపోతే ఆకులే తప్ప కాయలు ఉండవు.