రాత్రి వేదికల మీద గోడాక్స్ వీ860 టూ ఫ్లాష్: ఏళ్ల వాడకం తర్వాత

చిందు యక్షగానం, ఒగ్గుకథ, వీధి నాటకం లాంటి రాత్రి ప్రదర్శనలకు నేను ఏళ్లుగా గోడాక్స్ వీ860 టూ ఫ్లాషే వాడుతున్నాను. ఇప్పటి కెమెరాల్లో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందిస్తుందో చెప్పే అంకె) 6400 పెట్టినా ఫొటో బాగానే వస్తుంది కదా, ఇంకా ఫ్లాష్ దేనికని చాలామంది అడుగుతారు. నాకు అది కావలసింది ముఖం రంగు నిలవడానికి. ఊళ్లలో ఇప్పుడు వేదిక చుట్టూ రంగులు మార్చే ఎల్ఈడీ పార్ లైట్లే (వేదిక మీదికి వేసే ఫోకస్ లైట్లు). అవి నీలంలోకో ఊదాలోకో మారగానే వేషగాడి మేకప్, కనుబొమ్మల గీతలు, నుదుటి నామం అన్నీ కలిసి ఒకే రంగు ముద్దయిపోతాయి. తర్వాత కంప్యూటర్‌లో ఎంత కుస్తీ పట్టినా పోయిన వివరం తిరిగి రాదు. పైగా పైనుంచి పడే లైటుకు కిరీటం నీడ సరిగ్గా కళ్ల మీదే పడుతుంది. పక్కనుంచి పిసరంత ఫ్లాష్ తగిలితే ఆ కళ్లు కనిపిస్తాయి, చర్మం చర్మంలా ఉంటుంది.

అంతకు మించి మాత్రం వద్దు. కెమెరా నెత్తిన పెట్టి నేరుగా కొడితే భుజకీర్తుల మీది అద్దం ముక్కలు, తళుకులు భగ్గుమంటాయి, ముఖం సున్నం పూసినట్టు తెల్లబడుతుంది, వెనకున్న హార్మోనియం, మద్దెల వాళ్లు చీకట్లో కలిసిపోతారు. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి ముందు వరసలో కూర్చున్న వాళ్ల తలలే ఎక్కువ వెలుగుతాయి.

నేను వేదిక లైటుకే కెమెరాను సెట్ చేసుకుంటాను: ఐఎస్ఓ 3200, ఎఫ్ 2.8 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), షట్టర్ 1/100 సెకను దగ్గర మొదలుపెడతాను. ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పూర్తి పవర్‌లో 1/64 లేదా 1/128 వంతుకి దించేస్తాను. ఈ ఫ్లాష్‌లో నాకు బాగా నచ్చింది ఆ అట్టడుగు స్థాయే. అంత తక్కువలో వెలుగు రెప్పపాటు కన్నా చాలా వేగంగా వచ్చి పోతుంది, మళ్లీ చార్జ్ కావడానికి ఆగక్కర్లేదు. టీటీఎల్‌ను (వెలుగు ఎంత కావాలో కెమెరాయే లెక్కేసుకునే పద్ధతిని) రాత్రి నాటకంలో నమ్మను. వెనకంతా నల్లగా ఉంటే అది వెలుగు పెంచేస్తుంది, అద్దాలు మెరిస్తే తగ్గించేస్తుంది.

ఫ్లాష్‌ను పందిరి గుంజకు క్లాంప్ వేసి, ట్రిగ్గర్‌తో (కెమెరా నుంచి ఫ్లాష్‌ను దూరంగా వెలిగించే వైర్‌లెస్ పరికరంతో) పేల్చడమే మేలు. తల ఎత్తుకు కొంచెం పైన, వేదికకు పక్కగా పెడితే సరిపోతుంది. పెళ్లిళ్లలో చేసినట్టు పైకి తిప్పి బౌన్స్ చేద్దామంటే ఆరుబయట పైకప్పు ఉండదు, ఆడిటోరియంలో ఉన్నా అందనంత ఎత్తు. శామియానా ఉంటే ఇంకో తంటా, ఎర్ర గుడ్డకు తగిలి వచ్చిన వెలుగు అందరి ముఖాలనూ ఎర్రగా చేస్తుంది. పాత పసుపు ఫోకస్ లైట్లున్న చోట ఫ్లాష్ ముందు సగం ఆరెంజ్ జెల్ (వెలుగు రంగు మార్చే పలచని రంగు షీటు) అంటిస్తాను. లేకపోతే ముఖం ఒక్కటే నీలంగా, తెచ్చి అతికించినట్టు కనిపిస్తుంది. గంతులేసే ఘట్టాల్లో మాత్రం ఫ్లాష్‌ను కెమెరా మీదికి తెచ్చి షట్టర్‌ను 1/15 సెకనుకి దించి, రియర్ కర్టెన్ సింక్ (షట్టర్ మూసుకునే ముందు ఫ్లాష్ వెలిగే పద్ధతి) పెడతాను. కొంగు ఊపు గీతలా సాగి, చివర్లో మనిషి స్పష్టంగా నిలుస్తాడు. చాలా ఫొటోలు పోతాయి, కానీ దక్కిన ఒక్కటి చాలు.

కొన్నవాళ్లు మొదట చేయాల్సిన పని, బీప్ శబ్దం, ఫోకస్ కోసం వెలిగే ఎర్ర లైటు రెండూ ఆపేయడం. పద్యం ఎత్తుకున్న నటుడి ముఖం మీద ఎర్ర గీతలు పడటం చాలా అన్యాయం. ఆట మొదలుకాకముందే మేకప్ గదికి వెళ్లి ఫ్లాష్ వాడొచ్చా అని ఒక మాట అడుగుతాను. "కండ్లల్ల కొట్టకు తమ్మీ, పక్కకెళ్లి కొట్టుకో" అని ఒక పెద్దాయన అన్న మాటే ఇప్పటికీ నా నియమం.

కొన్నిచోట్ల ఫ్లాష్ సంచిలోంచి తీయనే తీయను. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, నెత్తిన నీళ్ల చెంబుతో ఆడే వాళ్ల చూపు ఒక్క క్షణం చెదిరినా ప్రమాదమే. తోలుబొమ్మలాటకైతే ఫ్లాష్ శత్రువు. తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట ఊరి కళాకారులు మేక తోలును వెలుగు దూరేంత పలచగా చేసి రంగులు వేస్తారు. ఆ రంగులు తెర వెనక దీపంతోనే బతుకుతాయి, ముందునుంచి కొడితే ఫొటోలో మిగిలేది తెల్ల గుడ్డే.

బ్యాటరీ విషయానికొస్తే, వీబీ18 లిథియం ప్యాక్ కొత్తలో పూర్తి పవర్‌లో దాదాపు 650 సార్లు వెలుగుతుందని కంపెనీ లెక్క. నేను వాడే తక్కువ పవర్‌లో తెల్లవారుజాము మంగళహారతి దాకా ఒక్కటే సరిపోయేది. ఏ లిథియం బ్యాటరీకైనా వయసుతో పట్టు తగ్గుతుంది కాబట్టి ఇప్పుడు రెండోది జేబులో ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ముందు బ్యాటరీ బయటికి తీసి, ఉబ్బిందేమో చూడండి. దీని తర్వాత వచ్చిన వీ860 త్రీలో ఆగకుండా వెలిగే చిన్న మోడలింగ్ లైటు ఉంది, చీకట్లో ఫ్లాష్ ఎటు తిరిగి ఉందో చూసుకోవడానికి పనికొస్తుంది. కానీ దాని బ్యాటరీ రకం వేరు, పాత వీబీ18లు అందులో పట్టవు.