కొమ్ము ఎరువు, హోమియో పెట్టె: పొలంలోనూ కొట్టంలోనూ వాడిన మీదట

బయోడైనమిక్ సేద్యంలో నేలకూ కంపోస్టుకూ వాడే ప్రిపరేషన్లనూ పశువుల హోమియోపతి మందులనూ ఒకే గాటన కట్టి, ఒకదానిని నమ్మినవారు రెండోదానిని కూడా నమ్మితీరాలన్నట్టు అమ్ముతున్నారు. పంటలూ పాడీ రెండూ ఉన్న మా వ్యవసాయంలో వీటిని వాడిన మీదట, విడివిడిగానే తూచాలన్న అభిప్రాయానికి వచ్చాను. నేల మీద చల్లినది ఫలించకపోతే ఒక పూట శ్రమ వృథా అవుతుంది. పొదుగు వాపుకు ఇచ్చిన మాత్ర ఫలించకపోతే ఆ బాధ ఆవు పడాలి, ఒక్కోసారి ఆ చన్ను శాశ్వతంగా పాలకు పనికిరాకుండా పోతుంది.

ముందుగా కొమ్ము ఎరువు సంగతి. 1924 జూన్‌లో, నేడు పోలండ్‌లో ఉన్న కోబెర్విట్జ్‌లో ఆస్ట్రియా తత్త్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఎనిమిది ఉపన్యాసాలతో బయోడైనమిక్ సేద్యపద్ధతి మొదలైంది. ఆవు కొమ్ములో తాజా పేడ కూరి, చలికాలమంతా నేలలో పాతిపెట్టి తీసినదానినే 500 అంటారు. మేము తెప్పించుకున్న సరుకు నాణ్యంగానే ఉంది: ముద్దను విరిచి చూస్తే లోపలిదాకా ముదురు గోధుమ రంగు, వేళ్లకు మెత్తగా అంటుకునే తేమ, పేడ వాసన బొత్తిగా లేదు, ఆకులు మురిగిన అడవి నేల వాసన మాత్రమే వస్తుంది. నడుమ పచ్చదనమూ పేడ వాసనా మిగిలి ఉంటే అది ఇంకా మాగలేదని అర్థం. అలాంటిది వస్తే మొహమాటపడకుండా తిప్పి పంపాలి.

అసలు శ్రమంతా కలపడంలో ఉంది. ఎకరానికి సుమారు 25 నుంచి 30 గ్రాముల ఎరువును 13 లీటర్ల గోరువెచ్చని నీటిలో వేసి, గంటసేపు ఆపకుండా తిప్పాలి. అడుగుదాకా లోతైన సుడి ఏర్పడగానే కర్రను ఎదురు దిశకు మళ్లించాలి. అప్పుడు సుడి విరిగి నీళ్లు నురుగుతో కల్లోలపడి, మళ్లీ కొత్త సుడి కడతాయి. కలిపిన నీటిని సాయంత్రం పూట, ఆలస్యం చేయకుండా, పెద్ద చినుకులుగా నేల మీద చల్లాలి. స్ప్రేయర్ వాడేవారు ముందుగా వడగట్టకపోతే నాజిల్ పూడుకుపోవడం ఖాయం. ఒకటి రెండు ఎకరాల వరకు చేత్తో తిప్పడం సాధ్యమే కాని, అంతకు మించితే యంత్రం పెట్టుకోక తప్పదు.

ఇంత తక్కువ పేడ ఎకరం పైరుకు నత్రజనిని అందించలేదు కనుక, దీనిని ఎరువుగా లెక్కవేయడం తగదు. మాకు కళ్లకు కనిపించిన మేలు కంపోస్టులో జరిగింది. కామొమైల్ (సీమ చేమంతి) పూలు, నెటిల్ అనే దురద మొక్క, ఓక్ బెరడు వంటివాటితో చేసిన, 502 నుంచి 507 వరకు అంకెలతో పిలిచే ప్రిపరేషన్ల సెట్‌ను కుప్పలో పెట్టిన తరువాత ఎరువు గుల్లగా, చక్కగా మాగింది. అయితే ఆ కుప్పలకు తేమ, గాలి, గడ్డీ పేడల పాళ్లు ఎంతో శ్రద్ధగా చూసుకున్నాము. ఆ ఘనత అంతా సెట్‌దేనని నేను అనలేను. స్విట్జర్లాండ్‌లోని థెర్విల్‌లో 1978 నుంచి నడుస్తున్న దీర్ఘకాల ప్రయోగం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మామూలు సేద్యపు మడులతో పోలిస్తే సేంద్రియ, బయోడైనమిక్ మడులలో దిగుబడి సుమారు 20 శాతం తగ్గినా, ఎరువులూ శక్తీ 34 నుంచి 53 శాతం తక్కువ పట్టాయనీ, నేలలో జీవం పెరిగిందనీ 2002లో ఆ పరిశోధకులు ప్రకటించారు. అక్కడి బయోడైనమిక్ మడులకు మాగిన కంపోస్టు కూడా పడింది కనుక, ఆ ఫలితాన్ని కొమ్ము ఎరువు ఒక్కదాని ఖాతాలో వేయకూడదు.

హోమియో పెట్టె విషయంలో నా తీర్పు కటువుగానే ఉంటుంది. అందులోని మాత్రలు ఎక్కువగా 30సి పొటెన్సీవి. అంటే మందును నూరో వంతుకు పలుచన చేయడాన్ని 30 సార్లు జరిపినవి. సుమారు 12సి దాటేసరికే మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం ఉండదు. పొదుగు వాపుకు ఫైటోలక్కా అనే హోమియో మందు ఇచ్చినప్పుడు తేలికపాటివి తగ్గిన మాట నిజమే. కాని తేలికపాటి వాపు, తరచుగా పాలు పిండి తీస్తూ ఉంటే, మందు లేకుండానే తగ్గిపోవడం కద్దు. జ్వరం వచ్చినా, పాలు నీళ్లలా మారినా వెంటనే పశువైద్యుడిని పిలవాలన్న హెచ్చరిక పెట్టెతో పాటు మాకు వచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు. ఈ లోపాన్ని నేను క్షమించలేను. యూరోపియన్ యూనియన్ సేంద్రియ నిబంధనలు హోమియోకు ప్రాధాన్యం ఇస్తూనే, జబ్బుపడిన పశువుకు బాధ లేకుండా వెంటనే చికిత్స చేయాలనీ, అవసరమైతే యాంటీబయాటిక్ వాడవచ్చుననీ చెబుతున్నాయి. అలా వాడినప్పుడు పాలు అమ్మకుండా ఆపవలసిన గడువు మామూలుకు రెట్టింపు, కనీసం 48 గంటలు.

కంపోస్టు సెట్‌ను మళ్లీ తెప్పించుకుంటాము. చిన్న కమతం, చేతినిండా మనుషులు ఉన్నవారికి 500ను కూడా సిఫారసు చేస్తాను. హోమియో పెట్టెకు బదులు కాలిఫోర్నియా మాస్టైటిస్ (పొదుగు వాపు) పరీక్షకు వాడే నాలుగు గిన్నెల పళ్లెం, దాని ద్రావణం కొనుక్కోవడం మేలు: ఒక్కో చన్ను పాలు ఒక్కో గిన్నెలో పిండి, అంతే ద్రావణం పోసి తిప్పితే, ఏ చన్నుకైనా లోపల వాపు ఉంటే, అది పైకి కనపడకముందే ఆ చన్ను పాలున్న గిన్నెలో పాలు జిగురుగా చిక్కబడతాయి.