ఎవరిదో చెప్పే చిన్న ప్రత్యయం: హంగేరియనా, టర్కిషా, ఫిన్నిషా, ఏది మేలు?

ప్రత్యయాల మీద నడిచే విదేశీ భాష ఒకటి నేర్చుకోవాలనుకుంటున్నాం, హంగేరియన్, టర్కిష్, ఫిన్నిష్ మూడింటిలో దేనితో మొదలుపెడితే మంచిది అని చాలామంది అడుగుతున్నారు. అడిగేవారిలో వైద్యవిద్య కోసం హంగేరీలోని డెబ్రెత్సెన్, సెగెద్, పేచ్ నగరాలకు వెళ్ళబోయే విద్యార్థులున్నారు, వ్యాకరణం మీద మమకారంతో అడిగేవారూ ఉన్నారు. ఈ భాషల్లో నామానికి విభక్తులు ఎలా చేరతాయో తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 'ఇంట్లో', 'ఇంటికి', 'ఇంటినుంచి' అని రోజంతా మాట్లాడేవాళ్ళకు అది అలవాటైన దారే. మనకు కొత్తగా కనిపించేది ఒక్కటే. 'నా ఇల్లు' అనడానికి మనం 'నా' అన్న మాటను ముందు పెడతాం. ఆ మూడు భాషలూ ఇల్లు అన్న మాట చివరనే 'నా'ను అతికిస్తాయి. కాబట్టి నా తూకమంతా ఆ అతుకు దగ్గరే ఉంది. సొంతదారు ఎవరు, ఒకరా పలువురా, వస్తువు ఒకటా అనేకమా అన్న ప్రశ్నలకు మాట తనంతట తాను ఎంత స్పష్టంగా జవాబు చెబుతుందన్నదే నా దృష్టిలో నిర్ణయించే అంశం. మినహాయింపులు ఎన్ని, పదజాలం ఎంత కష్టం అన్నవి దాని తరువాతివి.

హంగేరియన్‌లో ఇల్లు 'హాజ్'. నా ఇల్లు 'హాజమ్', నీ ఇల్లు 'హాజద్', అతని లేక ఆమె ఇల్లు 'హాజ', మా ఇల్లు 'హాజున్క్', మీ ఇల్లు 'హాజతోక్', వాళ్ళ ఇల్లు 'హాజుక్'. (ఇక్కడి హ్రస్వమైన అకారాన్ని పెదవులు కాస్త గుండ్రంగా పెట్టి, ఒకారానికి దగ్గరగా పలకాలి.) టర్కిష్‌లో ఇల్లు 'ఎవ్', నా ఇల్లు 'ఎవిమ్', నీ ఇల్లు 'ఎవిన్', అతని ఇల్లు 'ఎవి'. రెండు భాషల్లోనూ విభక్తి ఈ ప్రత్యయం తరువాతే వస్తుంది. 'నా ఇంట్లో' అనడానికి హంగేరియన్ 'హాజమ్‌బన్' అంటుంది, టర్కిష్ 'ఎవిమ్‌దె' అంటుంది. ఇల్లు, నా, లో అన్న వరుస రెండింటిలోనూ ఒకటే.

ఇంతవరకు రెండూ సమానమే. తేడా బహువచనంలో బయటపడుతుంది. టర్కిష్‌లో 'ఎవ్‌లెరి' అన్న ఒక్క మాటకు నాలుగు అర్థాలున్నాయి: వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇళ్ళు, అతని ఇళ్ళు, ఇళ్ళను. ఆ నాలుగింటికీ హంగేరియన్‌లో నాలుగు వేర్వేరు మాటలు: హాజుక్, హాజయిక్, హాజయి, హాజకత్. ఈ స్పష్టత అంతా ఒక్క ఇకారం పుణ్యం. మామూలు బహువచనానికి హంగేరియన్ కకారం వాడుతుంది, ఇళ్ళు అంటే 'హాజక్'. కాని ఆ ఇళ్ళకు సొంతదారు ఉన్నాడంటే కకారాన్ని పక్కన పెట్టి, ఇకారాన్ని తెచ్చి సొంతదారు గుర్తుకు ముందు నిలబెడుతుంది. 'హాజమ్' అంటే నా ఇల్లు, 'హాజయిమ్' అంటే నా ఇళ్ళు. వస్తువు లెక్క ఒక చోట, సొంతదారు లెక్క మరో చోట ఉండటం వల్ల ఒకదాని మీద ఒకటి పడవు. నేను మొదట టర్కిష్‌తోనే మొదలుపెట్టాను. పాఠాల్లో 'ఎవ్‌లెరి' కనబడ్డ ప్రతిసారీ వెనక్కి వెళ్ళి వాక్యం మొత్తం మళ్ళీ చదువుకోవలసి వచ్చేది. హంగేరియన్‌లోకి వచ్చాక ఈ విషయంలో ఆ అవసరం పడలేదు.

టర్కిష్ పట్ల న్యాయంగా ఉండాలంటే ఇక్కడ మన సంగతి కూడా చెప్పుకోవాలి. 'నేను తెలుగువాడిని', 'నువ్వు తెలుగువాడివి', 'మేము తెలుగువాళ్ళం' అన్నప్పుడు తెలుగులోనూ నామం చివర పురుష ప్రత్యయం చేరుతుంది. అయితే అది ఎవరిదో చెప్పదు, ఎవరో చెబుతుంది. అందులోనూ 'తెలుగువాడిని' అన్న రూపం ద్వితీయా విభక్తితో కలిసిపోతుంది: 'నేను తెలుగువాడిని', 'ఆ తెలుగువాడిని పిలిచాను'. ఈ పోలిక వల్ల మనం ఎన్నడూ తికమకపడలేదు, వాక్యమే అర్థాన్ని తేల్చేస్తుంది. టర్కిష్ మాట్లాడేవాళ్ళకు 'ఎవ్‌లెరి' విషయంలో ఇబ్బంది లేకపోవడానికీ కారణం అదే. నేను చెబుతున్నది నేర్చుకునేవాడి ఇబ్బంది.

క్రమబద్ధత విషయంలో టర్కిష్‌దే పైచేయి, ఇందులో సందేహం లేదు. అచ్చుల పొందిక, అంటే మాటలోని అచ్చులను బట్టి ప్రత్యయంలోని అచ్చు మారే పద్ధతి, తెలిస్తే చాలు, ప్రత్యయం రూపం దాదాపు ఎప్పుడూ ముందే చెప్పవచ్చు. అతని అన్న ప్రత్యయం హల్లు తరువాత ఇకారం. అచ్చు తరువాత మధ్యలో ఒక సకారం చేరుతుంది. అమ్మను 'అన్నె' అంటారు, అతని అమ్మ 'అన్నెసి'. హంగేరియన్‌లో ఇదే ప్రత్యయం నాలుగు రూపాల్లో తిరుగుతుంది: అ, ఎ, య, యె. అకారమా ఎకారమా అన్నది అచ్చుల పొందిక చెబుతుంది, కాని యకారం రావాలా వద్దా అన్నది చాలా మాటల విషయంలో కంఠస్థం చేయవలసిందే. 'హాజ్' అన్న మాటకు 'హాజ' అంటారు, తోట అన్న అర్థమున్న 'కెర్త్'కు 'కెర్త్యె' అంటారు. 'కర్' అన్న మాటైతే యకారంతో 'కర్య' అంటే అతని చేయి, యకారం లేకుండా 'కర' అంటే విశ్వవిద్యాలయానికి చెందిన ఒక విభాగం. దీనికి తోడు సొంతదారు మాట బహువచనంలో ఉంటే, 'ఆ కుర్రాళ్ళ ఇల్లు' అన్నప్పుడు, ఇల్లు చివర ఏకవచన ప్రత్యయమే వస్తుంది. 'వాళ్ళ' అన్న సర్వనామం అర్థంలోనే 'హాజుక్' అన్న రూపం. ఇవన్నీ నిజమైన కష్టాలే. అయినా ఇవి మాటను పలికేవాడికి కష్టాలు, వినేవాడికి కావు. యకారం తప్పుగా పెట్టినా ఎదుటివాడికి అర్థమవుతుంది.

మాట మూలరూపం మారడం కూడా హంగేరియన్‌లో ఉంది. గొంతు 'తొరొక్', నా గొంతు 'తొర్కొమ్'. పిట్ట 'మదార్', నా పిట్ట 'మదరమ్'. ఇల్లు 'ఇంటి' అవడం, ఏరు 'ఏటి' అవడం, పెరడు 'పెరటి' అవడం పుట్టినప్పటి నుంచి నోట నలిగినవాళ్ళకు ఇది భయపెట్టే విషయం కాదు. మన ఔపవిభక్తికాల కన్నా వాటి లెక్క కఠినమైనదని నేననుకోను.

హంగేరియన్‌ను తెలుగువాళ్ళకు మరీ దగ్గర చేసేది ఇంకో ప్రత్యయం, ఒక్క అచ్చు మాత్రమే అయిన 'ఏ'. 'ఈ పుస్తకం పీటర్‌ది' అన్న వాక్యంలోని 'ది' ఏ పని చేస్తుందో ఆ పనే ఇదీ చేస్తుంది. పీటర్‌ను వాళ్ళు పేతెర్ అంటారు, పీటర్‌ది 'పేతెరే'. వస్తువులు అనేకమైతే మనం 'పీటర్‌వి' అంటాం, వాళ్ళు 'పేతెరేయి' అంటారు. 'ఎవరిది?' అని అడగడానికి 'ఎవరు' అన్న అర్థమున్న 'కి' పక్కన అదే అచ్చు చేర్చి 'కియే?' అంటారు. మనం 'పీటర్‌దాన్ని', 'పీటర్‌దానితో' అన్నట్టే ఆ ఏకారం మీద మళ్ళీ విభక్తులు చేర్చుకోవచ్చు. అచ్చుల పొందికకు లొంగి ఈ ప్రత్యయం రూపం మార్చుకోదు, పక్కనున్న మాటను కుదించదు కూడా. నా పిట్ట అన్నప్పుడు 'మదరమ్' అని కుదించుకుపోయిన మాటే, పిట్టది అన్నప్పుడు 'మదారే' అని నిండుగా నిలుస్తుంది. మాట చివర హ్రస్వమైన అకారమో ఎకారమో ఉంటే అది దీర్ఘమవుతుంది, అంతే.

ఈ రెండు ప్రత్యయాలూ ఒకే మాటలో చేరినప్పుడు చూడాలి. హంగేరియన్లు తమ భాష గురించి చెప్పేటప్పుడు ఇష్టంగా చూపించే మాట ఒకటుంది: 'ఫిఅఇఏఇ'. ఒక్క హల్లు తరువాత అయిదు అచ్చులు వరుసగా నిలబడ్డ ఈ మాట మన సంధి సూత్రాలకు ఎంతమాత్రం మింగుడుపడదు. విడదీస్తే మాత్రం అంతా మనకు తెలిసినదే. 'ఫి' అంటే కొడుకు. 'అ' అంటే అతని. మొదటి 'ఇ' ఆ కొడుకులు ఒకరికన్నా ఎక్కువమంది అని చెబుతుంది. 'ఏ' మన 'ది'. చివరి 'ఇ' ఆ 'ది'ని 'వి'గా మారుస్తుంది. వెరసి 'అతని కొడుకులవి'. తెలుగులో రెండు మాటల్లో చెప్పే విషయమే, ఒక్క 'అతని' మాత్రం ముందునుంచి మధ్యకు జరిగింది. టర్కిష్‌లో ఈ పనికి 'కి' అన్న ప్రత్యయం ఉంది, అలీది అంటే 'అలినిన్‌కి'. మన 'ఇంట్లోది' అన్నట్టుగా 'ఎవ్‌దెకి' అని సప్తమి మీద కూడా చేరగలగడం దాని సుగుణం. హంగేరియన్ ఏకారం అలా సప్తమి మీద చేరదు, అక్కడ వేరే మాటల సాయం తీసుకోవాలి. ఆ ఒక్క చోట తెలుగుకు టర్కిషే దగ్గర.

'నాకు ఇల్లు ఉంది' అన్న వాక్యం దగ్గర మాత్రం హంగేరియన్ మళ్ళీ ముందుకొస్తుంది. 'కలిగి ఉండు' అన్న క్రియ ఈ మూడు భాషల్లోనూ ఈ సందర్భంలో రాదు. హంగేరియన్ 'నెకెమ్ వన్ హాజమ్' అంటుంది, అంటే 'నాకు ఉంది నా-ఇల్లు'. మన చతుర్థీ విభక్తి అచ్చంగా అక్కడుంది. టర్కిష్ షష్ఠితో 'నా ఇల్లు ఉంది' అన్నట్టుగా చెబుతుంది, ఫిన్నిష్ 'నా దగ్గర ఇల్లు ఉంది' అన్నట్టుగా చెబుతుంది. 'నెకెమ్' చివరనున్న మకారం కూడా 'హాజమ్'లోని మకారమే. నాతో అంటే 'వెలెమ్', నీతో అంటే 'వెలెద్'. 'నేను వెళ్ళాలి' అన్నప్పుడు తుమున్నర్థకం ('వెళ్ళడానికి' లాంటి క్రియారూపం) చివర కూడా ఆ మకారం వచ్చి చేరి 'మెన్నెమ్ కెల్' అవుతుంది. ఒక్క ప్రత్యయం నేర్చుకుంటే అది ఇన్ని చోట్ల పనికొస్తుంది.

వైద్యవిద్యార్థులకు ఇది పుస్తకం దాటి ఆసుపత్రి వార్డు దాకా వస్తుంది. తల 'ఫెయ్'. డాక్టరు 'ఫాయ్ అ ఫెయె?' అని అడిగితే రోగి 'ఫాయ్ అ ఫెయెమ్' అని జవాబిస్తాడు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య తేడా ఒక్క మకారం. ప్రశ్నలో వచ్చిన 'ఫెయె' మాటకు మాటగా చూస్తే 'అతని తల', కాని హంగేరియన్‌లో గౌరవంగా సంబోధించేటప్పుడు మధ్యమ పురుషకు ప్రథమ పురుష ప్రత్యయాన్నే వాడతారు. 'తాము' నుంచి వచ్చిన 'తమరు'ను మనం ఎదుటివారికి వాడి 'తమరి తల' అన్నట్టన్నమాట. మనం 'తల నొప్పిగా ఉందా?', 'నొప్పిగా ఉంది' అనేసి ఎవరి తలో చెప్పకుండానే ఊరుకుంటాం. హంగేరియన్ అలా ఊరుకోదు, అందుకే ఈ ప్రత్యయం రాకుండా ఆ భాషలో రోగిని పలకరించడం కూడా కుదరదు.

ఫిన్నిష్ గురించి ఎక్కువ చెప్పను. అందులో వరుస తిరగబడి విభక్తి ముందు, సొంతదారు తరువాత వస్తాయి. నా ఇంట్లో అంటే 'తలొస్సని', అంటే ఇల్లు, లో, నా. 'తలొని' అన్న రూపం నా ఇల్లు, నా ఇంటి, నా ఇళ్ళు అన్న మూడింటికీ సరిపోతుంది. పైగా మాటల్లో చాలామంది ఈ ప్రత్యయాన్ని వదిలేసి 'మున్ తలొ' అని మనలాగే సర్వనామాన్ని ముందు పెట్టి ఊరుకుంటారు. ప్రత్యయం కోసమే నేర్చుకునేవారికి ఇది సరైన చోటు కాదు. అరబ్బీలోనూ 'బైతీ' అంటే నా ఇల్లు అని ఇలాంటి ప్రత్యయమే ఉంది, గల్ఫ్‌లో పనిచేసినవాళ్ళు విని ఉంటారు. కాని ఆ భాష నడక పూర్తిగా వేరు, ఈ పోలికలో ఇమడదు.

ఇన్ని పోలికలు చూశాక, తెలుగుకూ హంగేరియన్‌కూ చుట్టరికం ఉందా అని కొందరు అడుగుతారు. 1856లో రాబర్ట్ కాల్డ్‌వెల్ తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో అలాంటి బంధుత్వాన్ని ఊహించాడు. నేటి భాషాశాస్త్రవేత్తలు దాన్ని నిరూపితమైనదిగా అంగీకరించరు. హంగేరియన్‌కు ఫిన్నిష్‌తో ఉన్న బంధుత్వం మాత్రం గట్టిది. షామువెల్ గ్యార్మతి 1799లో గొట్టింగెన్‌లో వెలువరించిన గ్రంథంలో దాన్ని వ్యాకరణం ఆధారంగా చూపించాడు.

ఈ ప్రత్యయాలు ఆ భాషలో ఎంత లోతుగా పాతుకున్నాయో చూడాలంటే 12వ శతాబ్దం చివరి నాటి అంత్యక్రియల ప్రసంగం చాలు. హంగేరియన్‌లో మనకు దక్కిన మొట్టమొదటి పూర్తి పాఠం అదే, ఇప్పుడు బుడాపెస్ట్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. దాని మొదటి మూడు మాటల అర్థం 'చూస్తున్నారు, నావారలారా, మీ కళ్ళతో'. రెండో మాట 'ఫెలెయిమ్'లో బహువచనపు ఇకారం, దాని వెనుక 'నా' అన్న మకారం, ఇవాళ్టి 'హాజయిమ్'లో ఉన్న వరుసలోనే ఉన్నాయి. మూడో మాటలో కన్ను, మీ, తో అన్నవి నేటి క్రమంలోనే నిలిచాయి.

మూడు భాషల్లోనూ మనకు ఒక లోటు తప్పదు. 'మా', 'మన' అన్న తేడా వాటికి తెలియదు, 'హాజున్క్' రెండింటికీ ఒకటే. మనం 'మా నాన్న' అనే చోట హంగేరియన్ ఏకవచనంలో 'అపామ్', నా నాన్న, అంటుంది. మొదట్లో అది చెవికి కొంచెం కటువుగా తగులుతుంది.

త్వరగా తప్పుల్లేకుండా వాక్యాలు కూర్చగలగాలి, నెలల్లోనే ధైర్యం రావాలి అనుకునేవారు టర్కిష్ తీసుకోండి, నష్టం లేదు. ఈ ప్రత్యయం ఏం చేయగలదో పూర్తిగా చూడాలనుకునే తెలుగువాళ్ళకు మాత్రం నేను హంగేరియనే చెబుతాను. మొదలుపెట్టేటప్పుడు ఆరు పురుషల పట్టిక జోలికి వెళ్ళకండి. ముందు మకారం ఒక్కటి పట్టుకుని ఒంట్లోని భాగాలకూ ఇంట్లోని మనుషులకూ చేర్చుకుంటూ పోండి, తరువాత దాని మీద ఏకారం పెట్టండి. అప్పుడు 'కియే?' అని ఎవరైనా అడిగితే 'అపామే', మా నాన్నది, అని చెప్పగలుగుతారు.