టామియా కిట్లు, పాత డింకీ కార్లు, మన ఉక్కపోత: ఏళ్లుగా వాడాక నా రివ్యూ

స్కేల్ మోడల్ కార్లు మొదలుపెడదామనుకునేవాళ్లు అందరూ ముందు ఏ కిట్ (ముక్కలుగా వచ్చే, మనమే అతికించుకునే కారు) కొనాలి అనే అడుగుతారు. నేనైతే కిట్ సంగతి తర్వాత, ముందు రంగు సంగతి చూసుకోండి అంటాను. ప్లాస్టిక్ ఎలాగోలా అతుక్కుంటుంది, కానీ హైదరాబాద్‌లో ఆగస్టు నెలలో బయట ముసురు పట్టినప్పుడు బాడీ మీద స్ప్రే కొడితే ఏమవుతుందో చల్లటి పొడి దేశాల్లో తీసిన వీడియోల్లో ఎవరూ చూపించరు. చాలా ఏళ్లుగా 1/24 (అంటే నిజం కారులో 24వ వంతు సైజు) ప్లాస్టిక్ కార్లు కడుతున్నా, పాత డై-కాస్ట్ కార్లు, అంటే అచ్చులో లోహం పోసి చేసినవి, విప్పి బాగుచేస్తున్నా, అందుకే మన వాతావరణంలో ఏవి నిలబడ్డాయో ఒక చోట రాద్దామనిపించింది.

సరే కిట్లు. మొదటిసారి కట్టేవాళ్లకి కళ్లు మూసుకుని టామియానే చెప్తాను. జపాన్‌లో షిజువోకా అనే ఊరి కంపెనీ, 1946లో కలప వ్యాపారంగా మొదలై చెక్క బొమ్మలు, అక్కడి నుంచి ప్లాస్టిక్‌కి వచ్చారు. దాన్ని నడిపిన షున్సాకు టామియా 1970ల్లో పోర్షే కారు మోడల్ చెయ్యడం కోసం నిజం పోర్షే 911 ఒకటి కొని మొత్తం విప్పించేశాడు, తర్వాత దాన్ని మళ్లీ బిగించడానికి పోర్షే వాళ్ల సాయం కావాల్సి వచ్చిందట. ఆ పిచ్చి వీళ్ల కిట్‌లో ప్రతి ముక్కలో కనిపిస్తుంది. వాళ్ల 1/24 మెర్సిడెస్ 300 ఎస్ఎల్ తీసుకోండి, పైకి లేచే తలుపులు, లోపల పైపుల ఫ్రేము, దాని మధ్యలో ఇంజిను, అన్నీ ఉంటాయి, లప్పం పెట్టాల్సిన అవసరమే రాదు. పూర్తయ్యాక దాదాపు 19 సెంటీమీటర్ల కారు, చేతిలో పట్టుకుంటే ఆ తృప్తే వేరు. కాకపోతే ఒకటి, టామియాలో కూడా చాలా కిట్లకి ఇంజిన్ ఉండదు, బానెట్ తెరుచుకోదు, ఇంజిన్ కావాలనుకునేవాళ్లు పెట్టె పక్కనున్న ఫొటోలు చూసుకుని కొనండి. 1960ల నాటి అచ్చుల్లోంచి ఇప్పటికీ వచ్చే 1/25 అమెరికన్ కార్లు నాకు చాలా ఇష్టం, వెనక రెక్కల్లా లేచే ఆ ఫిన్‌లు, ఆ క్రోము ఇంకెక్కడా దొరకవు, కానీ అంచుల్లో పల్చటి ప్లాస్టిక్ రేకులు గీక్కోవాలి, బాడీకి ఛాసిస్‌కి మధ్య సందులు సరిచేసుకోవాలి, కాబట్టి నాలుగైదు కిట్లు కట్టాకే వాటి జోలికి వెళ్లండి.

గ్లూ విషయంలో టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్, ఆకుపచ్చ మూత, 40 ఎంఎల్ సీసా. ఇన్నేళ్లలో దీన్ని మార్చాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇది జిగురులా పూసేది కాదు, రెండు ముక్కలు ముందే దగ్గర పెట్టి ఆ సందు మీద బ్రష్ కొస తాకిస్తే చాలు, ద్రవం దానంతటదే సందులోకి పాకి రెండు వైపులా ప్లాస్టిక్‌ని కరిగించి ఒక్కటి చేసేస్తుంది. అందులో ఎసిటోన్ ఉంటుంది కాబట్టి మన ఎండాకాలంలో మూత తీసి పెడితే సీసా సగం గాల్లో కలిసిపోతుంది, వాడిన వెంటనే బిగించాలి. అద్దాల ముక్కలకి మాత్రం ఇది వద్దు, సూపర్ గ్లూ అసలే వద్దు, దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పట్టేస్తుంది. అద్దాలకి నేను వాడేది మన మామూలు ఫెవికాల్. ఆరాక పారదర్శకంగా అయిపోతుంది, ఎక్కువైతే తడి గుడ్డతో తుడిచేయొచ్చు. దీనికోసం ప్రత్యేకంగా దిగుమతి సరుకు కొనక్కర్లేదు.

ఇక అసలు విషయం, రంగు.

టామియా టీఎస్ స్ప్రేలు 100 ఎంఎల్ డబ్బాలు, లాకర్ రంగు (థిన్నర్ ఆవిరైపోయి త్వరగా ఆరే రకం), డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హైదరాబాద్‌లో వీటిని మించింది లేదు, పొర సమంగా పరుచుకుంటుంది, అరగంటలో ముట్టుకోవచ్చు. వానాకాలంలో అదే డబ్బా, అదే చెయ్యి, అయినా రంగు ఆరేటప్పటికి పైన పాల పొరలా తెల్లగా మసకేస్తుంది, నల్ల రంగు మీదైతే మరీ దారుణంగా కనిపిస్తుంది. చాలామంది డబ్బా నకిలీదేమో అనుకుంటారు, కాదు. థిన్నర్ చాలా స్పీడుగా ఆవిరైపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఐస్ వాటర్ గ్లాసు బయట చెమట పట్టినట్టు గాల్లో తేమ ఆ తడి రంగు మీద పేరుకుని లోపలే ఇరుక్కుంటుంది. తేమ ఎక్కువున్న రోజు అసలు కొట్టకపోవడమే మందు. నేను పది పదిహేను వందలు పెట్టి తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి గదిలో పెట్టుకున్నా, 65 శాతం దాటితే ఆ రోజు రంగు పని ముట్టుకోను, సీట్లో టైర్లో చేసుకుంటా. అప్పటికే మసకేసిపోతే కంగారుపడి గీకేయకండి, పొడి రోజు చూసుకుని దాని మీద నెమ్మదిగా ఆరే థిన్నర్ ఒక పల్చటి పొర కొడితే రంగు మళ్లీ కొంచెం కరిగి ఆ తేమ బయటికి పోతుంది, చాలాసార్లు పూర్తిగా పోతుంది.

ఈ కారణం చేతే నేను కొన్నాళ్లకి డబ్బాలు తగ్గించి ఎయిర్‌బ్రష్‌కి (కంప్రెసర్ గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటిది) వచ్చేశా. జపాన్ మిస్టర్ కలర్ లాకర్ రంగులు, వాటిల్లోకి అదే కంపెనీ లెవలింగ్ థిన్నర్. ఆ థిన్నర్‌లో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ ఉంటుంది, అందుకే ఉక్కపోతలో కూడా మసక చాలా తక్కువ, నునుపు చాలా ఎక్కువ. ఈ మొత్తం రివ్యూలో ఒకే ఒక్క వస్తువు గుర్తుపెట్టుకోండి అంటే అది ఈ థిన్నరే. ఖరీదైనదే, అయినా మామూలు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగులకి వాడే) థిన్నర్‌తో రంగు కలిపి దీంతో పోల్చి చూస్తే తేడా కళ్ల ముందే కనిపిస్తుంది. హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ థిన్నర్ బ్రష్ కడగడానికి ఉంచుకోండి, దానికి బాగా పనికొస్తుంది.

ఎయిర్‌బ్రష్ డబుల్ యాక్షన్ (ఒకే ట్రిగ్గర్‌తో గాలి, రంగు విడివిడిగా అదుపు చేసే రకం) ఉండాలి, 0.3 ఎంఎం సూది చాలు, కార్ బాడీలకి 0.5 ఎంఎం ఉంటే ఇంకా సుఖం. నేను మొదట వాడిన చవక రకంలో లోపలి రబ్బరు రింగులు లాకర్ థిన్నర్‌కి ఉబ్బి ట్రిగ్గర్ పట్టేసేది, కాబట్టి కొనేముందు టెఫ్లాన్ రింగులున్నాయా అని తప్పకుండా అడగండి. కంప్రెసర్‌కి ట్యాంకు, తేమ పట్టే ఫిల్టరు రెండూ ఉండాల్సిందే, మన దగ్గర ఆ ఫిల్టరు గాజులో నీళ్లు చేరడం మీరే చూస్తారు. అది లేకపోతే అవే నీళ్లు బానెట్ మీద చుక్కలుగా పడతాయి.

ఎరుపు రంగు ప్లాస్టిక్‌లో వచ్చిన బాడీకి తెల్ల రంగు వేద్దామనుకునేవాళ్లకి ఒక మాట, లోపలి ఎరుపు పైకి ఊరి వారం తర్వాత తెలుపు గులాబీ రంగులోకి వచ్చేస్తుంది. ముందు గ్రే ప్రైమర్ (రంగు కింద వేసే అడుగు పూత), దాని మీద సిల్వర్ ఒక పొర, ఆ తర్వాతే తెలుపు. చివర్లో క్లియర్ (రంగు లేని మెరుపు పూత) కోసం టామియా టీఎస్-13 బాగా మెరుస్తుంది కానీ అది ఘాటైన క్లియర్, స్టిక్కర్ల మీద మొదటే తడిగా కొడితే అవి ముడుచుకుపోతాయి, ముందు దూరం నుంచి రెండు మూడు సార్లు పొగమంచులా వేసి ఆరనిచ్చి, అప్పుడు తడి పొర. కొందరు కార్ల డెంటింగ్ పెయింటింగ్ షెడ్‌లో దొరికే టూ-కే క్లియర్ (హార్డెనర్ కలిపి వాడే రకం) కొడతారు. అద్దంలా వస్తుంది నిజమే, కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మామూలు సర్జికల్ మాస్కు దానికి సరిపోదు. పిల్లలున్న ఫ్లాట్‌లో అది కొట్టొద్దని గట్టిగా చెప్తున్నా. షెడ్ మెటాలిక్ రంగులూ నాకు నచ్చవు, ఆ మెరుపు రేణువులు నిజం కారుకి సరిపోయే సైజు, 1/24 మీద ఇసుక చల్లినట్టుంటాయి.

ఇక పాత కార్లు బాగుచేయడం. కిట్ల కన్నా నాకు ఇదే ఎక్కువ ప్రాణం. గురువారం జుమ్మేరాత్ బజార్‌లో ఇనప సామాన్ల కుప్పల్లో ఓపిగ్గా వెతికితే ఎప్పుడో ఒకసారి టైర్లు లేని డింకీయో మ్యాచ్‌బాక్సో (ఇంగ్లండ్ కంపెనీల పాత లోహపు బొమ్మ కార్లు) చేతికి తగులుతుంది. డింకీ లివర్‌పూల్‌లో తయారయ్యేది, ఆ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. అంతకన్నా ముందే డింకీ అచ్చులు కొన్ని కలకత్తా వచ్చి అక్కడ నిక్కీ టాయ్స్ పేరుతో కార్లు తయారయ్యాయి, మన దేశంలో పోసిన ఆ కార్లంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ, దొరికితే వదలను.

విప్పడానికి అడుగున బేస్‌ని బాడీకి బిగించే రివిట్ తల మీద మధ్యలో చిన్న గుంట కొట్టి 3 ఎంఎం బిట్‌తో నెమ్మదిగా డ్రిల్ చేస్తే బేస్ ఊడొస్తుంది, మళ్లీ బిగించడానికి ఆ రివిట్ ఉన్న దిమ్మెలోనే చిన్న రంధ్రం చేసి 2 ఎంఎం స్క్రూ. బిట్లు, రంధ్రంలో స్క్రూకి మర కోసే ట్యాపులు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో తీసుకోండి, ఆన్‌లైన్ సెట్ల కన్నా ఎంతో మేలు. రంగు తీయడానికి కాస్టిక్ సోడా వాడమని చాలామంది చెప్తారు, వద్దు. ఈ కార్లు జమాక్ అనే లోహం, అంటే ఎక్కువ భాగం జింకు, నాలుగు శాతం దాకా అల్యూమినియం, కాస్టిక్ ఈ రెండింటినీ తినేస్తుంది, సన్నటి గీతలు, గ్రిల్ గళ్లు నల్లబడి చెరిగిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే జెల్ పెయింట్ రిమూవర్ పూసి, గ్లవ్స్ వేసుకుని, బాల్కనీలో పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పది నిమిషాల్లో లోహం తేలుతుంది. వెంటనే సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి అదే రోజు ప్రైమర్ వేసేయండి.

బాడీ మీద జుట్టు మందాన పగుళ్లు, పొక్కులు, వంకరపోవడం కనిపిస్తే అది జింక్ పెస్ట్, పోతపోసిన లోహంలో సీసం కలవడం వల్ల వచ్చే జబ్బు, రెండో ప్రపంచయుద్ధం ముందటి వాటిల్లో ఎక్కువ. వేడి, తేమ దాన్ని ఇంకా త్వరపెడతాయి. దానికి మందు లేదు, అలాంటివాటికి డబ్బు పెట్టొద్దు. ఇంకోటి, పాత రంగు ముప్పావు వంతు మిగిలే ఉంటే దయచేసి తీసేయకండి. కలెక్టర్లు ఫ్యాక్టరీ రంగుకే విలువిస్తారు, ధర సంగతి పక్కనపెట్టినా ఆ కారు అన్నేళ్లు ఆడుకోబడిన గుర్తులు మనం చెరిపేసే హక్కు మనకుందా అని నాకనిపిస్తుంది. కడిగి, ఇరుసు సరిచేసి, టైర్లు వేసి పెట్టేయండి చాలు.

దాచుకునేటప్పుడు ఎండ తగలని అద్దాల బీరువా, లోపల సిలికా జెల్ ప్యాకెట్లు. మెత్తటి వినైల్ టైర్లు ప్లాస్టిక్ అడుగు మీద నెలల తరబడి ఆనితే దాన్ని కరిగిస్తాయి, కాబట్టి ఛాసిస్ కింద చిన్న దిమ్మె పెట్టి టైర్లు గాల్లో ఉండేలా చూడండి.

విశాఖ, కాకినాడ వైపు సముద్రం పక్కన ఉండి స్ప్రే చేసేవాళ్లు ఎవరైనా ఉంటే మీరు ఏ నెలల్లో కొడుతున్నారో, థిన్నర్‌లో రిటార్డర్ విడిగా ఎంత కలుపుతున్నారో చెప్పండి, నా లెక్కలన్నీ హైదరాబాద్ గాలికి సరిపోయేవి, అక్కడి తేమకి ఇవే పనిచేస్తాయని నేను చెప్పను.