వంటింటి నేల కింద కరెంటు హీటింగ్, గోడకు రేడియేటర్: నాలుగు చలికాలాల తర్వాత

మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. 1930ల నాటి ఇల్లు, వెనక్కి పెంచి కట్టిన వంటిల్లు, మూడు వైపులా బయటి గోడలే, కింద కాంక్రీటు. ఇంట్లో చెప్పులేసుకునే అలవాటు మాకెవరికీ లేదు. పొద్దున్నే టీ పెడదామని వంటింట్లో అడుగుపెడితే టైల్స్ చలి పిక్కల దాకా పాకేది. అందుకే వంటిల్లు మళ్లీ చేయించినప్పుడు టైల్స్ కింద కరెంటు హీటింగ్ మ్యాట్, అంటే వేడెక్కే కేబుల్ అమర్చిన పల్చటి చాప, వేయించాం.

గోడకి అప్పటికే రేడియేటర్ ఉంది, అంటే గ్యాస్ బాయిలర్ నుంచి వచ్చే వేడినీళ్లతో గదిని వేడిచేసే పలక. ఇక అది ఎందుకు, తీసేస్తే ఆ గోడకి ఇంకో రెండు అల్మారాలు పడతాయి అన్నాడు బిల్డర్. మా వారు సరే అనబోయారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. మ్యాట్‌ని గదంతా పరవరు. అల్మారాల కింద, ఫ్రిజ్ కింద వేస్తే వేడి పైకి పోయే దారి లేక కేబుల్ దెబ్బతింటుంది. అలా మా 16 చదరపు మీటర్ల గదిలో మ్యాట్‌కి దొరికింది 7. చదరపు మీటరుకి 150 వాట్లు, మొత్తం 1050 వాట్లు. జనవరి చలికి ఇది ఏ మూలకి? పాదాలు వెచ్చగా ఉంటాయి, భుజాల మీద శాలువా మాత్రం తియ్యలేం.

పైగా ఇక్కడ గ్యాస్ కన్నా కరెంటు యూనిట్ ధర దాదాపు నాలుగు రెట్లు. అందుకని గదిని వేడిచేసే పని గ్యాస్ బాయిలర్‌తో నడిచే రేడియేటర్‌కి వదిలేసి, నేలని పొద్దున రెండు గంటలు, సాయంత్రం వంట వేళ ఒక గంట వేస్తాం. ఆగకుండా నడిచినా రోజుకి మూడు యూనిట్ల పైచిలుకు, కానీ నేల 26 డిగ్రీలకి రాగానే థర్మోస్టాట్ ఆపేస్తుంది కాబట్టి అంత కూడా కాలదు.

మొదటి చలికాలం ఒక తప్పు చేశాం. బాయిలర్ థర్మోస్టాట్ వంటింటి గోడకే ఉండేది. నేల వెచ్చబడి, పొయ్యి మీద కుక్కర్ పెట్టగానే అది ఇల్లంతా వేడెక్కిందనుకుని బాయిలర్ ఆపేసేది, పైన పిల్లలు దుప్పట్లో ముడుచుకుని పడుకునేవాళ్లు. మాకు కారణం అంతుపట్టడానికి నెల పట్టింది! దాన్ని హాల్లోకి మార్చి, వంటింటి రేడియేటర్‌కి విడిగా థర్మోస్టాట్ వాల్వ్ పెట్టించాం. ఇప్పుడు గాలి వెచ్చబడితే ఆ రేడియేటర్ ఒక్కటే తగ్గుతుంది, మిగతా ఇంటికి ఇబ్బంది లేదు.

కాంక్రీటు మీద వేయించుకునేవాళ్లు మ్యాట్ కింద ఇన్సులేషన్ బోర్డు మాత్రం దయచేసి మానకండి. మాది 10 మిల్లీమీటర్లది, అరగంటలో పాదానికి తేడా తెలుస్తుంది. బోర్డు లేకుండా వేయించుకున్న స్నేహితురాలి ఇంట్లో గంటన్నర దాటినా నేల గోరువెచ్చనే, వేడంతా కింద కాంక్రీటులోకి పోతోంది.

మూడో ఏడు, టైల్స్ కింద ఉండి నేల వేడి ఎంతో థర్మోస్టాట్‌కి చెప్పే సెన్సర్ పోయింది. టైల్స్ పగలగొట్టాలేమోనని ఎంత టెన్షన్ పడ్డానో. అయితే ఎలక్ట్రీషియన్ మొదట్లోనే రెండో సెన్సర్ కూడా వేసి, దాని వైరు గోడ డబ్బాలో చుట్టి ఉంచాడట. పది నిమిషాల్లో కలిపేశాడు. మీ ఎలక్ట్రీషియన్‌ని ఇది ముందే అడగండి, టైల్స్ పడ్డాక అడిగి లాభం లేదు.

పోయిన డిసెంబర్‌లో గుంటూరు నుంచి అమ్మ వచ్చింది. మొదటిరోజు పొద్దున వంటింట్లో అడుగుపెట్టి ఆగిపోయి, "ఇదేంటే, ఎండ కాసిన అరుగు మీద నిలబడ్డట్టుంది" అంది. చలికాలంలో ఇక్కడ దోసెల పిండి పులవదని నేను ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నాను కదా, అమ్మ ఆ రాత్రి గిన్నెని కుదురు మీద పెట్టి నేలకి కాస్త ఎత్తులో ఉంచింది, నేను నేలని 23 దగ్గర వదిలేశాను. పొద్దునకి పిండి మూతని పైకి నెట్టి, గిన్నె అంచు దిగి టైల్ మీదకి కారింది.