న్యూరో మైక్రోసూచరింగ్ కిట్ కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

న్యూరోసర్జరీ మీద మనసు పడిన ఎంబీబీఎస్ విద్యార్థుల కోసమంటూ ఆన్‌లైన్‌లో "న్యూరో మైక్రోసూచరింగ్ కిట్"లు అమ్ముతున్నారు, అంటే మైక్రోస్కోప్ కింద చూస్తూ సన్నటి రక్తనాళాలు కుట్టడం నేర్చుకునే సామాను. నల్ల జిప్ పౌచ్, అందులో నాలుగైదు పరికరాలు, పది పన్నెండు సూచర్ (కుట్టే దారం, సూది) పాకెట్లు, ఒక సిలికాన్ ప్యాడ్, ఒక యూఎస్‌బీ మైక్రోస్కోప్, పైన ఒక సర్టిఫికెట్ కోర్సు లింకు. అమ్మేవాళ్లు ఎవరైనా సరుకు దాదాపు ఒకటే, పౌచ్ మీద స్టిక్కరే మారుతుంది. హాస్టల్లో నలుగురు కలిసి డబ్బులేసుకుని కొని, వారం తిరక్కుండా మంచం కిందకి తోసేసే పెట్టె ఇది. చేయి తిరగక కాదు, వచ్చిన సామాను ఆ పనికి చేసింది కాదు గనక.

ముందు సూది సంగతి. పాకెట్ మీద "10-0 నైలాన్" అని కనిపిస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు. 10-0 అనేది దారం మందం; ముందు అంకె పెరిగేకొద్దీ దారం సన్నం. ఈ కిట్లలో వచ్చే 10-0 ఎక్కువగా కంటి ఆపరేషన్ల కోసం తయారైనది. దాని సూది స్పాచులా రకం: పైనా కిందా చదును, రెండు పక్కలా పదును. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పొరల మధ్య దూసుకుపోవాలంటే ఆ ఆకారమే కావాలి. అదే సూదిని 1 మి.మీ. రక్తనాళం గోడలో గుచ్చితే పక్కలకు కోసుకుపోతుంది, దారం బిగించగానే రంధ్రం కాస్తా చీలిక అవుతుంది. సిలికాన్ ట్యూబ్ మీదా అదే తంతు. నేర్చుకునే పిల్లలేమో తమ చేతిదే తప్పనుకుంటారు. నాళాలకు కావలసింది టేపర్ పాయింట్ సూది, అంటే ఒళ్లు గుండ్రంగా, మొన మాత్రమే సన్నగా ఉండేది; వంపు వృత్తంలో 3/8 వంతు, మందం 75 నుంచి 100 మైక్రాన్లు. పాకెట్ మీద సూది బొమ్మ పక్కనే ఒక చిన్న గుర్తు ఉంటుంది. వృత్తంలో చుక్క ఉంటే టేపర్, త్రిభుజమైతే కటింగ్, నొక్కేసినట్టు చదునుగా ఉంటే స్పాచులా. ఆ గుర్తు కనిపించేలా ఫోటో పెట్టమని అడగండి. "అన్నీ ఒకటే సార్" అని జవాబొస్తే ఆ కిట్ వదిలేయండి.

దారం మందంలోనూ మోసం జరుగుతుంది. 8-0 అని ఆర్డర్ చేస్తే 6-0 వస్తుంది, కంటికి రెండూ సన్నగానే ఉంటాయి. పాకెట్ మీద మెట్రిక్ అంకె చూడండి: 10-0 కి 0.2, 9-0 కి 0.3, 8-0 కి 0.4 ఉండాలి. 0.7 ఉందంటే అది 6-0. ఎక్స్‌పైరీ దాటిన పాకెట్లు ప్రాక్టీసుకు నిక్షేపంగా పనికొస్తాయి. తేదీ మీద స్టిక్కర్ అంటించి కొత్తవాటి ధరకు అంటగట్టడమే దగా. అలాంటివాటిని పొరపాటున కూడా ఏప్రాన్ జేబులో వేసుకుని వార్డుకు వెళ్లొద్దు.

సిలికాన్ ప్యాడ్ చర్మం కుట్లు నేర్చుకోవడానికి, 3-0 దారంతో. మైక్రో పనిలో దానికి చోటే లేదు.

ఫోర్సెప్స్ (సన్న మొనల పట్టకారు) మీద "న్యూరో" అని చెక్కి ఉన్నా చేతికొచ్చేది మామూలు 11, 12 సెం.మీ. జ్యూయలర్స్ ఫోర్సెప్సే. నిజంగా మెదడు లోతుల్లో వాడేవి పొడవుగా, చేయి చూపుకు అడ్డం రాకుండా వంకీ తిరిగి ఉంటాయి. వాటిని బేయొనెట్ అంటారు. టేబుల్ మీద నేర్చుకోవడానికి బేయొనెట్ అక్కర్లేదు. పొట్టివి చాలు, కానీ మొనలు కలవాలి. పరీక్ష తేలిక. లైటుకు ఎదురుగా పెట్టి మెల్లగా మూయండి, మొనల మధ్య వెలుగు కనిపించకూడదు. ఇంకాస్త గట్టిగా నొక్కండి. నాసిరకానివైతే మొనలు ఒకదానిమీదొకటి కత్తెరలా ఎక్కుతాయి, లేదా వెనక భాగం కలిసి మొన విచ్చుకుంటుంది. ఇక ఆ ఫోర్సెప్స్‌తో 10-0 దారం పట్టడం కల్ల. సూది ఫోర్సెప్స్‌కు అతుక్కుని వదలకపోతే మాత్రం పారేయకండి, అయస్కాంతం పట్టింది అంతే. గడియారాలు బాగుచేసే షాపులో డీమాగ్నటైజర్ మీద ఒకసారి తిప్పిస్తే పోతుంది.

సూదిని పట్టుకునే నీడిల్ హోల్డర్‌కు లాక్ ఉంటే ఖరీదైనదని గొప్పగా చెబుతారు. మైక్రో పనిలో అదే గుదిబండ. లాక్ విడిపించేటప్పుడు వచ్చే చిన్న కుదుపు మామూలు కుట్టులో లెక్కలోకి రాదు. 20 రెట్లు పెద్దగా చూస్తూ పనిచేస్తుంటే అది భూకంపం, సూది నాళాన్ని చీల్చుకుని బయటకొస్తుంది. లాక్ లేనిది, పిడి గుండ్రంగా ఉండి వేళ్ల మధ్య పెన్సిల్‌లా దొర్లేది తీసుకోండి.

అసలు నష్టం మైక్రోస్కోప్ దగ్గర. "1000ఎక్స్" అని రాసిన ఆ పెన్ను సైజు యూఎస్‌బీ గొట్టం కెమెరాయే తప్ప మైక్రోస్కోప్ కాదు. కటకం ఒకటే కాబట్టి లోతు తెలియదు; సూది మొన నాళం మీద ఉందో, అర మిల్లీమీటరు పైన ఉందో స్క్రీన్ చూసి చెప్పలేరు. పెద్దగా చూపించాలంటే వస్తువుకు కొన్ని మిల్లీమీటర్ల దగ్గరికి తేవాలి, అప్పుడిక పరికరాలు దూర్చే సందే ఉండదు. వీటన్నిటికంటే ఆలస్యం పెద్ద జబ్బు. చేయి కదిలాక క్షణంలో కొంత వెనకగా బొమ్మ కదులుతుంది, మెదడు అతిగా సరిదిద్దుకుంటుంది, ఉన్న వణుకు రెట్టింపవుతుంది.

కావలసింది రెండు కళ్లతో చూసే స్టీరియో జూమ్ మైక్రోస్కోప్. మొబైల్ రిపేర్ షాపుల్లో బోర్డుల మీద పనిచేయడానికి వాడేది అదే. హైదరాబాద్‌లో ఆబిడ్స్ జగదీష్ మార్కెట్ వైపు తిరిగితే ప్రత్యక్షంగా చూడొచ్చు, సెకండ్ హ్యాండ్‌వీ అడగొచ్చు. సాధారణంగా 7 నుంచి 45 రెట్లు చూపిస్తుంది, కటకానికీ వస్తువుకూ మధ్య దూరం 100 మి.మీ. ఉంటుంది. ఆ దూరంలో చేతులు ఇరుక్కుంటాయి. కింద 0.5ఎక్స్ అదనపు కటకం బిగిస్తే దూరం 160 మి.మీ. దాటుతుంది, పెద్దది చేసే శక్తి సగమవుతుంది. 10-0 కుట్టడానికి 10 నుంచి 20 రెట్లు చాలు కాబట్టి ఆ సగంతో ఇబ్బంది లేదు. కొనేముందు రెండు కళ్ల బొమ్మలూ ఒక్కటిగా కలుస్తున్నాయో లేదో చూడండి. జూమ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినా ఫోకస్ పెద్దగా చెదరకూడదు. కలవని మైక్రోస్కోప్ ముందు పది నిమిషాలు కూర్చుంటే తలనొప్పి ఖాయం.

లూప్స్ (కళ్లజోడుకు బిగించే భూతద్దాలు) జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. కళ్ల మధ్య దూరం, మీరు పనిచేసే దూరం కొలిచి చేయించుకోవలసినవి అవి. కిట్‌తో ఉచితంగా వచ్చే 2.5ఎక్స్ జత ఎవరి ముఖానికీ కొలిచింది కాదు.

పెట్టె వద్దనుకుంటే విడిగా ఏం కొనాలి? మొనలు కలిసే జ్యూయలర్స్ ఫోర్సెప్స్ రెండు, లాక్ లేని హోల్డర్ ఒకటి, చిన్న మైక్రో కత్తెర ఒకటి, టేపర్ సూదితో 8-0, 10-0 పాకెట్లు కొన్ని. కోఠి సర్జికల్ దుకాణాల్లో చేతిలోకి తీసుకుని చూసి కొనొచ్చు. కుట్టడానికి మొదట గ్లవ్ ముక్కను అట్ట మీద బిగించి, కోత పెట్టి, 8-0 తో. చేయి కుదిరాక కోడి రెక్క. ముక్కలు కొట్టకుండా ఇవ్వమనండి. పై ఎముక వెంబడి కండరాల మధ్య నడిచే ధమని సుమారు 1 మి.మీ. ఉంటుంది. దానికి ఆరు నుంచి ఎనిమిది కుట్లు, ఒక్కో ముడికి మూడు మెలికలు. నైలాన్‌కు మొండితనం ఎక్కువ, రెండు మెలికలకే వదిలేస్తే జారిపోతుంది. పూర్తయ్యాక పసుపు రంగు 24 గేజి క్యాన్యులాతో (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) సిరా కలిపిన నీళ్లు ఎక్కించండి. కుట్ల మధ్య నుంచి కారితే ఎడం ఎక్కువైనట్టు, అసలు ముందుకే పోకపోతే వెనక గోడ కూడా కుట్టులో పడినట్టు. మైక్రోస్కోప్ కింద మెదడు ఆపరేషన్లకు ఆద్యుడైన సర్జన్ గాజీ యాషర్‌గిల్ అంతటివారే 1965-66లో అమెరికాలోని బర్లింగ్టన్‌లో నెలల తరబడి జంతువుల నాళాలు కుట్టి, ఆ తర్వాతే 1967లో జ్యూరిక్‌లో రోగి మెదడుకు బైపాస్ చేశారు.

ఇక సర్టిఫికెట్. "న్యూరోసర్జరీ సీటుకు ప్లస్ పాయింట్" అని నమ్మిస్తారు. ఢిల్లీ ఎయిమ్స్, నిమ్హాన్స్‌లలో ఆరేళ్ల ఎంసీహెచ్‌కు (న్యూరోసర్జన్ డిగ్రీ) ఐఎన్ఐ-సెట్ ప్రవేశ పరీక్ష, ఆరేళ్ల డీఆర్ఎన్‌బీకి (జాతీయ బోర్డు ఇచ్చే అదే స్థాయి డిగ్రీ) నీట్-పీజీ, ఎంఎస్ జనరల్ సర్జరీ చేశాక మూడేళ్ల ఎంసీహెచ్‌కు నీట్-ఎస్ఎస్. వీటిలో ఎక్కడైనా సీటు తేల్చేది ర్యాంకే, ఆ కాగితానికి ఒక్క మార్కూ రాదు.

ఇప్పటికే ఆర్డర్ పెట్టేసి ఉంటే పార్శిల్ మీది చిరునామా స్టిక్కర్ నుంచి మొదలుపెట్టి, ఆపకుండా వీడియో తీస్తూ విప్పండి. సూచర్ పాకెట్లు ఇంకా చింపొద్దు. గుర్తు, మెట్రిక్ అంకె, తేదీ దగ్గరగా చూపించండి. పాకెట్ చింపారంటే "స్టెరైల్ వస్తువు, రిటర్న్ లేదు" అంటారు. చెప్పినదొకటి, పంపినదొకటి అయితే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ముందు రాతపూర్వకంగా అడగండి, జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పొచ్చు. ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్ మాత్రం ఇవాళే తీసి పెట్టుకోండి, ఫిర్యాదు అందిన సాయంత్రానికే "టేపర్" అన్న మాట ఆ పేజీలోంచి మాయమవుతుంది.